ఇఫ్ వాక్యాల్లో విల్ బెడద ఎలా తీరిందంటే

మా మేనకోడలు తొమ్మిదో తరగతి. ఇఫ్‌తో వాక్యం మొదలుపెడితే చాలు, రెండో సగంలో విల్ పెట్టేసేది. ‘ఇఫ్ యు హీట్ ఐస్, ఇట్ విల్ మెల్ట్’ అన్నది ఘోరమైన తప్పేం కాదు. కానీ ఎప్పుడూ జరిగే నిజాన్ని చెప్పేటప్పుడు రెండు సగాల్లోనూ సింపుల్ ప్రెజెంట్ (విల్ లేకుండా ‘ఇట్ మెల్ట్స్’ లాంటి రూపం) వాడటమే మామూలు పద్ధతి.

సూత్రం బట్టీ పట్టించడం నాకు నచ్చదు. మాది విశాఖలో బీచ్‌కి దగ్గర ఇల్లు. మేడ మీద ఉప్పుగాలికి తుప్పు పట్టిన గ్రిల్ చూపించాను. గోటితో గీకితే పొరలుగా ఊడొచ్చింది. ‘ఇఫ్ ఐరన్ గెట్స్ వెట్, ఇట్ రస్ట్స్’ అని రాయించాను.

"ఇది రేపు ఒక్కరోజు జరిగేదా?"

"ఎప్పుడైనా అంతే కదా మావయ్యా!"

అయితే ఇఫ్ తీసేసి వెన్ పెట్టి చూడమన్నాను. అర్థం మారలేదు. నా దృష్టిలో ఇంతకంటే మంచి పరీక్ష లేదు. ‘ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో, ఐ విల్ స్టే హోమ్’లో వెన్ పెడితే వాన ఖాయమన్నట్టు అయిపోతుంది. అక్కడ విల్ ఉండాల్సిందే.

తర్వాత నీళ్ల సంగతి వచ్చింది. విశాఖలో సుమారు 100 డిగ్రీల దగ్గర మరిగే నీళ్లు, దాదాపు 900 మీటర్ల ఎత్తున్న అరకులో 97 దగ్గరే మరిగిపోతాయి. అది వినగానే తనంతట తానే రాసింది: ‘వాటర్ బాయిల్స్ ఎట్ ఎ లోయర్ టెంపరేచర్ ఇఫ్ యు గో హయ్యర్’. విల్ లేదు! ఇఫ్ ఉన్న సగం వెనక వచ్చింది కాబట్టి కామా కూడా పెట్టలేదు. ముందొస్తేనే పెట్టాలి.