శిశు తరగతిలో స్నేహం నేర్పడం: బైబిలు కథలు, మన ఆటలు

మూడు నుంచి ఐదేళ్ల వయసు పిల్లలను వరుసగా కూర్చోబెట్టి, అందరూ స్నేహంగా ఉండాలని చెబితే బుద్ధిగా తలూపుతారు. మరు నిమిషంలో ఒకే బొమ్మబండి కోసం జుట్లు పట్టుకుంటారు. వాళ్లు మాట వినలేదని కోప్పడటం వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే ఆ వయసులో స్నేహం పిల్లలకు చేతులతో చేసే పనిగానే అర్థమవుతుంది: పక్కకు జరిగి చోటివ్వడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, దూరంగా నిలబడ్డ పిల్లను పేరుపెట్టి పిలవడం, ఒక్కరివల్ల కాని బరువును నలుగురూ కలిసి ఎత్తడం. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లోని సండే స్కూళ్లలో, సంఘాలు నడిపే చిన్న బడుల్లో, మే నెల సెలవుల బైబిలు తరగతుల్లో శిశు తరగతిని చూసే అక్కలకు, అన్నలకు నేను చెప్పదలచినది ఇదే. ప్రతి కథలోనూ ఒకే ఒక పనిని ఎంచుకోండి, ఆ పనిని ఆటలో పెట్టండి, వాక్యం కంఠస్థం చేయించడం ఆ తర్వాత చూసుకోవచ్చు.

పిల్లల ఆట ఎలా ఎదుగుతుందో కొంత తెలిసి ఉంటే పనిని ఎంచుకోవడం సులభమవుతుంది. అమెరికా పరిశోధకురాలు మిల్‌డ్రెడ్ పార్టెన్ బడి ఈడు రాని పిల్లలను గమనించి 1932లో ప్రచురించిన వర్గీకరణను బాలవిద్యలో నేటికీ చెబుతారు. దాని ప్రకారం పిల్లలు మొదట ఒంటరిగా ఆడుకుంటారు, ఇతరుల ఆటను చూస్తూ నిలబడతారు, తర్వాత పక్కపక్కనే కూర్చొని ఎవరి ఆట వారు ఆడుకుంటారు, ఆపైన బొమ్మలు ఇచ్చిపుచ్చుకుంటారు, చివరికి ఒకే ఉద్దేశంతో కలిసి ఆడతారు. మూడేళ్ల పిల్ల మరో పిల్ల పక్కన కూర్చొని తన లక్కపిడతలతో తాను వంట చేసుకుంటూ ఉంటే అది స్నేహం కాదనుకోకండి. ఆ వయసుకు అది చాలినంత స్నేహమే. ఐదేళ్లవాళ్లకు పెట్టే సామూహిక ఆటను మూడేళ్లవాళ్లతో ఆడించబోతే గదిలో ఏడుపే మిగులుతుంది. కాబట్టి తరగతిలో అన్ని వయసులవారూ కలిసి ఉంటే, చిన్నవాళ్లకు చూస్తూ కూర్చునే హక్కు ఇవ్వండి.

ఈ పనికి అన్నిటికన్నా బాగా పనికివచ్చే కథ మార్కు సువార్త రెండో అధ్యాయంలో ఉన్న నలుగురు స్నేహితుల కథ. కపెర్నహూములో యేసు ఒక ఇంట్లో ఉన్నాడని తెలిసి, వాకిట్లో కూడా చోటు లేనంతగా జనం చేరారు. పక్షవాయువుతో కదలలేని మనిషిని నలుగురు మోసుకొచ్చి, లోపలికి దారి లేక, పైకప్పు విప్పి, పరుపుతో సహా అతణ్ణి కిందికి దించారు. పైకప్పు విప్పడం పట్నంలో అపార్టుమెంటు పిల్లలకు వింతగా తోచవచ్చు గాని, పల్లెల్లో పాత మట్టిమిద్దెలను చూసిన పిల్లలకు చిటికెలో అర్థమవుతుంది, ఎందుకంటే ఆ దేశపు ఇళ్లకు కూడా దూలాల మీద కొమ్మలు పరిచి మట్టి కప్పిన చదునైన కప్పులుండేవి, పైకి ఎక్కడానికి బయట మెట్లుండేవి. 'మిద్దె ఎక్కినారు, మన్ను తవ్వినారు, మెల్లగా దించినారు' అని మూడు మాటల్లో చెప్పండి. కథ చెప్పేటప్పుడు ఇంటి మాటే వాడండి. గ్రంథపు భాష వాక్యం నేర్పేటప్పుడు ఎలాగూ వస్తుంది.

కథ ఐదారు నిమిషాలకు మించకూడదు, తర్వాత వెంటనే దుప్పటి ఆట మొదలుపెట్టాలి. పాత నూలు దుప్పటి మధ్యలో ఒక గుడ్డబొమ్మను పడుకోబెట్టి నాలుగు మూలలను నలుగురు పిల్లల చేతికివ్వండి. మొదటిసారి ఎవరో ఒకరు తొందరపడి ఎత్తుతారు, బొమ్మ జారి పడుతుంది, అందరూ నవ్వుతారు. అప్పుడు మీరు ఏమీ బోధించకుండా, 'ఏమైంది? మళ్లీ ఎత్తుదామా?' అని మాత్రం అడగండి. రెండో మూడో ప్రయత్నానికి వాళ్లలో ఒకరు 'ఒకటి, రెండు, మూడు' అని లెక్కపెట్టడం మొదలుపెడతారు. ఎవరూ మొదలుపెట్టకపోతే మీరే మొదలుపెట్టవచ్చు. బొమ్మ నిలకడగా పైకి లేచాక గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించండి, మధ్యలో ఒక పీట అడ్డం పెట్టండి. పక్కవాడి అడుగును చూసి తన అడుగును తగ్గించుకోవడం ఈ ఆటలో ఎవరూ చెప్పకుండానే అలవడుతుంది, నేను ఈ కథను మిగతావాటి కన్నా ముందు పెట్టడానికి కారణం కూడా అదే. తర్వాతి వారం మామిడిపండ్ల అట్టపెట్టె తెచ్చి దాని పైభాగంలో కంత కోసి ఇల్లు చేయండి. మామిడి కాలంలో అలాంటి పెట్టెలు చిత్తూరులో ఏ పండ్ల దుకాణంలో అడిగినా దొరుకుతాయి. చిన్న గుడ్డ నాలుగు మూలలకూ దారాలు కట్టి, బొమ్మను పెట్టెలోకి నలుగురూ కలిసి దించాలి. దారం మూరెడు పొడవుకు మించకూడదు, ఆట అయ్యేదాకా పెద్దవారొకరు అక్కడే కూర్చోవాలి. పిల్లలను మాత్రం ఎంత అడిగినా దుప్పటిలో పడుకోబెట్టి ఎత్తించవద్దు. తరగతిలో నడవలేని పిల్ల గాని సరిగా నడవలేని పిల్లవాడు గాని ఉంటే, వారిని రోగి వేషానికి ఎంచుకోకుండా దుప్పటి మూల పట్టించండి, లేదా లెక్కపెట్టే పని అప్పగించండి.

ఈ ఒక్క కథతోనే మూడు నాలుగు ఆదివారాలు గడపవచ్చు. వారానికొక కొత్త కథ చెప్పాలన్న పట్టుదల పెద్దలదే గాని పిల్లలది కాదు. తెలిసిన కథే మళ్లీ వినడం వాళ్లకు ఇష్టం, ఆట కూడా రెండో వారానికే చేతికి వస్తుంది. ఎవరో ఒకరు 'అక్కా, ఆ మిద్దెను మళ్లీ ఎవరు బాగుచేసినారు?' అని తప్పక అడుగుతారు. గ్రంథంలో ఆ సంగతి రాయలేదని నిజం చెప్పి, 'మీరైతే ఏం చేస్తారు?' అని తిరిగి అడగండి. ఆ రోజుకు మట్టిముద్దలతో మిద్దె బాగుచేయడమే ఆట.

దావీదు, యోనాతానుల కథ స్నేహానికి పేరుపడ్డది గాని దాన్ని పూర్తిగా చెబితే శిశు తరగతికి సరిపోదు. యోనాతాను తండ్రి సౌలు రాజు దావీదుపై ఈటె విసరడం, చంపజూడడం వంటివి పక్కనబెట్టి, మొదటి సమూయేలు పద్దెనిమిదో అధ్యాయంలో రాజకుమారుడు యోనాతాను తన దుప్పటిని, కత్తిని, విల్లును, నడికట్టును తీసి గొర్రెల కాపరి దావీదుకు ఇచ్చిన సన్నివేశం ఒక్కటి తీసుకోండి. ఇక్కడ జాగ్రత్త అవసరం: పిల్లల చేత తమ సొంత వస్తువును ఇచ్చివేయించే ఆట పెట్టకండి, ఇంటికి వెళ్లి అమ్మ దగ్గర ఏడుస్తారు. ఒక పాత శాలువాను తరగతికి ఉమ్మడిగా పెట్టి, ఒకరు కప్పుకొని, పది లెక్కపెట్టాక తమ చేత్తోనే ఇంకొకరికి కప్పే ఆట చాలు. ఇరవయ్యో అధ్యాయంలో బాణాలతో సైగ చేసుకొని, ఏడ్చి, ఇద్దరూ విడిపోయే భాగాన్ని తరగతిలో ఎవరైనా ఊరు విడిచి వెళ్లేటప్పటికి దాచుకోండి. మన ప్రాంతంలో తల్లిదండ్రుల పనులను బట్టి పిల్లలు బెంగళూరుకో మద్రాసుకో మారిపోవడం మామూలే, వెనక మిగిలిన పిల్లకు ఆ సంగతి ఎవరూ వివరించరు. కాగితపు బాణాలు విసిరి, వాళ్లిద్దరికే తెలిసిన ఒక చేతిసైగ ఏర్పరచుకోనివ్వండి.

దీనికి కొనసాగింపుగా రెండో సమూయేలు తొమ్మిదో అధ్యాయం ఉంది, సండే స్కూళ్లలో దాన్ని చెప్పేవారు తక్కువ. యోనాతాను కుమారుడైన మెఫీబోషెతు ఐదేళ్ల వయసులో, దాది ఎత్తుకొని పరుగెత్తుతుండగా కిందపడి కుంటివాడయ్యాడు. చాలా ఏళ్లకు దావీదు రాజై, స్నేహితుని కుటుంబంలో ఎవరైనా మిగిలారా అని వెతికించి, అతణ్ణి పిలిపించి ప్రతిదినం తన బల్ల దగ్గర భోజనానికి కూర్చోబెట్టాడు. 'ఆ పిల్లవాడికి మీ వయసే' అనేసరికి ఐదేళ్లవాళ్లు నిటారుగా కూర్చుంటారు. దీని ఆట పంక్తి భోజనం: లక్కపిడతలు, విస్తరాకులు సర్ది, ఒక ఆకు ఎక్కువ వేయండి, ఎవరు రాలేదో పిల్లలనే చెప్పనివ్వండి. ఆ వారం జ్వరంతో రాని పిల్ల పేరు వాళ్లే చెబుతారు. ఆమె కోసం ఒక బొమ్మ గీసి ఇంటికి పంపితే ఆట బయటికి కూడా వెళ్తుంది.

పేరుతో పిలవడం నేర్పడానికి జక్కయ్య కథ ఉంది. జనసమూహంలో కనబడక మేడిచెట్టు ఎక్కిన పొట్టి మనిషిని యేసు పేరుపెట్టి పిలిచి అతని ఇంటికి వెళ్లాడని లూకా పంతొమ్మిదో అధ్యాయం చెబుతుంది. సుంకపు లెక్కలు, నాలుగంతలు తిరిగి ఇవ్వడం వంటివి ఈ వయసుకు వద్దు. కథ అయ్యాక 'వీరీ వీరీ గుమ్మడిపండు' ఆడించండి. కళ్లు మూసుకున్న పిల్ల ఎదుటికి వచ్చినవారి పేరు చెప్పాలి కాబట్టి, తరగతిలో అందరి పేర్లూ రానివారికి కూడా రెండు వారాల్లో వస్తాయి. 'పొట్టోడా', 'నల్లోడా' వంటి పిలుపులు మొదలైతే గద్దించే ముందు, 'యేసు జక్కయ్యను ఏమని పిలిచినాడు?' అని అడిగి చూడండి. ఇళ్లలో తమిళం మాట్లాడే పిల్లలు చిత్తూరు తరగతుల్లో తరచుగా ఉంటారు. వారి పక్కన రెండు భాషలూ వచ్చిన పిల్లను కూర్చోబెట్టి, వాళ్లింట్లో ఆడే ఆట ఒకటి అందరికీ నేర్పమనండి.

ఐదు యవల రొట్టెలు, రెండు చేపలు ఉన్న చిన్నవాని కథ ఫలహారం వేళకు సరిపోతుంది. వాటితోనే యేసు వేలమందికి భోజనం పెట్టిన ఈ సంఘటన నాలుగు సువార్తల్లోనూ ఉంది గాని, చిన్నవాడి ప్రస్తావన యోహాను ఒక్కడే చేశాడు. ఒక రొట్టెను ఇద్దరికిచ్చి, ఒకరు తుంచాలి, మరొకరు ముందు ఎంచుకోవాలి అన్న నియమం పెట్టండి; సమానంగా తుంచడం ఎంత శ్రద్ధగా చేస్తారో చూడండి. పంచడానికి అరటిపండు, మెత్తటి రొట్టె మంచివి. వేరుశనగ గింజలు మన జిల్లాలో చేతికి అందుబాటులో ఉన్నా, చిన్నపిల్లలకు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది కాబట్టి శిశు తరగతిలో పెట్టవద్దు. కోడలు రూతు, అత్త నయోమిల కథలో మరణాలు ఎక్కువ. ఐదు దాటినవాళ్లకు మాత్రం, చేయి వదలకుండా కలిసి నడిచిన ఇద్దరి ప్రయాణంగా చెప్పవచ్చు. దానికి జతగా ఇసుకలో ఒప్పులకుప్ప తిప్పించండి, ఒకరు చేయి వదిలితే ఇద్దరూ పడతారు.

ఆటలో తగాదా రావడం ఖాయం, నిజానికి పాఠం అక్కడే మొదలవుతుంది. 'నీతో కటీఫ్' అన్న పిల్లచేత బలవంతంగా 'సారీ' చెప్పించి చేతులు కలిపించే పద్ధతి నాకు నచ్చదు. అది పెద్దవారి మనశ్శాంతికి తప్ప దేనికీ పనికిరాదు. ముందు జరిగినదాన్ని మాటల్లో పెట్టండి: 'నీకూ బండి కావాల, పాపకూ కావాల. పాప మూడు చుట్లు తిప్పినాక నీది. అంతవరకు నా పక్కన కూర్చో నాయనా.' ఇచ్చిన మాట ప్రకారం మూడో చుట్టుకు బండిని తప్పక ఇప్పించాలి, లేకపోతే రెండోసారి ఎవరూ ఆగరు. పంచుకోకపోతే దేవుడికి కోపం వస్తుందని మాత్రం ఎన్నడూ చెప్పకండి. ఆ మాట పిల్లల్లో భయాన్ని పెంచుతుంది, బండిని వదలనివ్వదు.

వాక్యానికి సామెతలు 17:17లోని మొదటి సగం చాలు: 'నిజమైన స్నేహితుడు విడువక ప్రేమించును.' దుప్పటి మోస్తూ అడుగుకొక మాట చొప్పున పలికిస్తే నడకతోపాటే వచ్చేస్తుంది.

ఇతర మతాల ఇళ్ల పిల్లలు కూడా సంఘాలు నడిపే బడులకు వస్తుంటారు. ప్రభుత్వ గుర్తింపు గాని నిధులు గాని ఉన్న విద్యాసంస్థలో, మైనరైన విద్యార్థి సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధలో పాల్గొనవలసిన అవసరం లేదని రాజ్యాంగం 28(3) అధికరణం చెబుతోంది. కాబట్టి ముందుగా తల్లిదండ్రులకు ఏ కథ చెబుతారో, ఏ ఆట ఆడిస్తారో ఒక కాగితంపై రాసి ఇచ్చి అనుమతి తీసుకోండి. ఒప్పుకోనివారి పిల్లలను గది బయట కూర్చోబెట్టకుండా, ఆ వేళకు వేరే గదిలో వేరే ఆట ఏర్పాటు చేయండి.

ఫలితాన్ని వాక్యం ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు అన్నదానితో కొలవకండి. ఒక నోటుపుస్తకంలో ప్రతి వారం రెండు సంగతులు రాసుకోండి: పిల్లలు కోరుకొని ఎవరి పక్కన కూర్చున్నారు, ఒంటరిగా ఉన్నవారిని పెద్దలు చెప్పకుండా ఎవరు పిలిచారు. నెల తర్వాత ఆ పేజీలను తిరగేస్తే, ఎవరూ పిలవని పిల్ల ఒకరైనా కనబడుతుంది. వచ్చే ఆదివారం దుప్పటి నాలుగో మూలను ఆ పిల్ల చేతికివ్వండి.