పెనుగాలిని ఇల్లు తట్టుకోగలదా: తనిఖీ చేసే పద్ధతి

పెనుగాలి ఇంటిని పక్కకు తోస్తుందని అందరికీ తెలుసు గాని, కప్పు మీదుగా సాగేటప్పుడు అది కప్పును పైకి లాగుతుందన్న సంగతి చాలామంది గమనించరు. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల బరువుతో సమానమైన ఒత్తిడి కలిగిస్తుంది. అంతే వైశాల్యమున్న పలుచని ఉక్కు రేకు తూగేది సుమారు 5 కిలోలే. అందువల్ల గోడల మందం కన్నా ముందుగా బిగింపులను పరీక్షించాలి.

గాలి లేని రోజున, పగటి వెలుగులో, మొదట బయట నిలబడి కప్పును చూడండి. నాలుగు వైపులా వాలు ఉన్న కప్పు రెండు వాలుల కప్పు కన్నా గాలిని బాగా తట్టుకుంటుంది. లాగుడు అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది చూరు, మూలలు, కొప్పు దగ్గర కనుక, అక్కడ స్క్రూలు మధ్యభాగంలో కన్నా దగ్గరదగ్గరగా ఉన్నాయో లేదో, వాషర్లు చెడిపోయాయో లేదో గమనించండి. పాత రేకుల మీద మాత్రం కాలు పెట్టవద్దు.

తరువాత టార్చిలైటుతో కప్పు లోపలి భాగం చూడాలి. వాసం గోడను కలిసే చోట ఎంతసేపు గడిపినా ఎక్కువ కాదని నా నమ్మకం. ఏటవాలుగా కొట్టిన రెండు మేకులే వాసాన్ని పట్టి ఉంచితే అవి పైకి లాగే బలానికి ఊడివస్తాయి. వాసం మీదుగా చుట్టి ఇరువైపులా మేకులతో బిగించిన లోహపు పట్టీ ఉండాలి. ఆ పట్టీ ఎక్కడ ముగుస్తుందో కూడా వెతకండి, ఎందుకంటే అది గోడ పై వరుస ఇటుకల దగ్గరే ఆగిపోతే ఆ వరుసతో సహా కప్పు లేచిపోతుంది. పట్టీ లేదా బోల్టు గోడపై ఉన్న కాంక్రీటు బ్యాండులోకి, అంటే గోడల పొడవునా ఇంటి చుట్టూ పోసిన కాంక్రీటు వరుసలోకి దిగి, ఆ బ్యాండు నిలువు ఇనుప చువ్వల ద్వారా పునాదితో ముడిపడి ఉండాలి. తుప్పు పట్టిన పట్టీని లేనట్టుగానే లెక్కించండి.

తలుపులు, కిటికీలను తేలికగా తీసుకోకూడదు. గాలికి ఎదురుగా ఉన్న తలుపు ఒక్కటి విరిగినా లోపలికి చొరబడిన గాలి కప్పును కింది నుంచి నెడుతుంది. బయటి లాగుడు, లోపలి తోపుడు ఒక్కసారిగా కప్పు మీద పడతాయి. చట్రాన్ని రెండు చేతులతో గట్టిగా నెట్టి కదులుతుందేమో చూడండి, గడియలు పైనా కిందా రెండు చోట్ల పడుతున్నాయో లేదో సరిచూడండి. కార్ల షెడ్డుకు వెడల్పాటి తలుపు ఉంటే దానినీ ఇలాగే పరీక్షించాలి.

కాంక్రీటు స్లాబు ఉన్న ఇంటిలో కప్పు గురించిన చింత తక్కువే గాని, పిట్టగోడ, నీళ్ల ట్యాంకు, సౌర ఫలకాల బిగింపులు చూడాలి. చివరగా ఇంటి మీదకు వాలిన కొమ్మలను గుర్తించండి.

ప్రతి లోపాన్నీ ఫొటో తీసి, చోటుతో సహా రాసుకోండి. మరమ్మతులో వాసాల పట్టీలకు మొదటి స్థానం, తలుపులూ కిటికీలకు రెండవ స్థానం ఇవ్వండి; గోడకూ పునాదికీ మధ్య లోపం కనిపిస్తే నిర్మాణ ఇంజనీరుకు చూపించకుండా పని మొదలుపెట్టవద్దు.