గోదావరి మ్యాపు మీద యూనిట్లు నడపడం, వెనక్కి తీయడం ఎలా?

టర్నుల వారీగా ఆడే యుద్ధం ఆట ఇంట్లో తయారుచేసుకునేవాళ్లు ముందుకి నడిచే రూల్స్ శ్రద్ధగా రాస్తారు. వెనక్కి తగ్గే రూల్స్ దగ్గరకొచ్చేసరికి ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తారు. నాకైతే ఆట రుచంతా అక్కడే ఉంది. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఇంగ్లీషువాళ్ల చేతిలో ఓడిన ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ రాజమండ్రికి, అక్కణ్ణుంచి గోదావరి దాటి మచిలీపట్నానికి వెళ్లిపోయాడు. ఆ కాలాన్నే మన ఆటకి తీసుకుందాం.

ముందు మ్యాపు. తేనెపట్టులా ఆరు వైపుల గళ్లు గీసి, ధవళేశ్వరం దగ్గర చీలే గౌతమి, వశిష్ఠ పాయల్ని గళ్ల అంచుల వెంబడే గీయండి. గడి మధ్యలోంచి గీస్తే యూనిట్ (ఒక సైనిక దళానికి గుర్తుగా పెట్టే పావు) ఏ ఒడ్డున ఉందో తేలక ప్రతి టర్నుకీ తగువే. కాలవలు పెట్టకండి, మన ఆట కాలానికి అవింకా లేవు. కాటన్ ఆనకట్ట పని మొదలైంది 1847లో, పూర్తయింది 1852లో.

తర్వాత కదలిక. టర్నుకి సిపాయిలకు 4 పాయింట్లు, గుర్రాలకు 6, ఎడ్లు లాగే ఫిరంగులకు 3 ఇవ్వండి. బాట మీదైనా మెరకలోనైనా గడికి 1 పాయింటు ఖర్చు, వరిచేలో, లంక ఇసకలో 2. నది దాటడం రేవులోనే. టర్ను మొదలయ్యేసరికే యూనిట్ రేవు గడిలో ఉండాలి, దాటితే పాయింట్లన్నీ ఖర్చయినట్టే. మిగిలిన పాయింట్లు దాచుకోవడం కుదరదు.

శత్రువు చుట్టూ ఉన్న ఆరు గళ్లూ వాడి అదుపులో ఉన్నట్టు. అందులో కాలుపెట్టిన యూనిట్ అక్కడే ఆగాలి. నదికి అవతలి గళ్ల మీద మాత్రం ఆ అదుపు చెల్లదు.

ఇక అసలు సంగతి. ఓడిన యూనిట్ రెండు గళ్లు వెనక్కి పోవాలి. ఇది నడక కాదు, కాబట్టి పాయింట్ల లెక్క వద్దు. దారి ఓడినవాడే ఎంచుకుంటాడు, కానీ తన స్థావరానికి దగ్గరయ్యే గడే ఎంచుకోవాలి. శత్రువు అదుపులో ఉన్న గడిలోకి పోకూడదు, అందులో తనవాళ్లు ముందే నిలబడి ఉంటే తప్ప. రేవులోంచి వెనక్కి దాటొచ్చు, అదొక గడి కింద లెక్క. ఫిరంగులు మాత్రం ఒడ్డునే వదిలేయాలి. పులి-మేకలో పులిని కట్టేసినట్టు దారే లేకపోతే యూనిట్‌ని తీసేయాలి. వెనక్కి వచ్చిన యూనిట్ తర్వాతి టర్నులో దాడి చేయకూడదు.

మా మేనల్లుడితో ఆడినప్పుడు వాడి సిపాయిలు ఆలమూరులో ఉన్నారు, వెనక జొన్నాడ రేవు. నేను మండపేట వైపు నుంచి కొట్టాను. నా గుర్రాలు అప్పటికే చుట్టుతిరిగి జొన్నాడ పక్క గడిలోకి వచ్చేశాయి. రేవు నా అదుపులో పడింది, ఇంకే గడీ మిగల్లేదు. యూనిట్ పోయింది. వాడు చాలాసేపు మ్యాపు వంకే చూస్తూ కూర్చున్నాడు.

మళ్లీ ఆటలో మొదటి టర్నుకే ఒక చిన్న సిపాయి దళాన్ని జొన్నాడలో పెట్టి, "మావయ్యా, వీళ్లు ఇక్కణ్ణుంచి కదలరు" అన్నాడు. ఆ సారి నేను ఆలమూరులో గెలిచాను. వాడి సిపాయిలు మాత్రం నిక్షేపంలా గౌతమి దాటి రావులపాలెం ఒడ్డున తేలారు.