ఛాతీమంట పాఠాలు – 3: మంట తగ్గిందని సంబరపడొచ్చా?

పోయిన పాఠంలో మొదలుపెట్టిన నోటుపుస్తకం తీయండి. మంట ఎప్పుడొచ్చింది, ముందు ఏం తిన్నారు, తిన్న ఎంతసేపటికి పడుకున్నారు అని మూడు గళ్లు గీశాం. ఈ వారం నాలుగో గడి గీయండి. దాని పేరు మింగుడు. నన్నడిగితే మిగతా మూడూ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు.

అన్నవాహిక అంటే గొంతు నుంచి కడుపుకి ముద్దని దించే సుమారు 25 సెంటీమీటర్ల గొట్టం. దాని అడుగున ఉండే కండరం వదులైతే కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. ఆమ్లాన్ని తట్టుకునే దళసరి జిగురుపొర కడుపుకి ఉంది, అన్నవాహికకి లేదు. అందుకే లోపల ఒరిసిపోయి పుండ్లు పడతాయి. మానడం, మళ్లీ పడడం ఇలా ఏళ్ల తరబడి సాగితే మచ్చ కట్టి దారి ఇరుకవుతుంది. కొందరికి అడుగుభాగంలో పొరే మారిపోయి, పేగు లోపలి పొరలా తయారవుతుంది. 1950లో దీని గురించి రాసిన లండన్ సర్జన్ నార్మన్ బారెట్ పేరుమీద దీన్ని బారెట్స్ అంటారు. ఇది ఉన్నవాళ్లలో క్యాన్సర్ దాకా వెళ్లేది కొద్దిమందే, కానీ డాక్టర్ గమనిస్తూ ఉండాలి. చిక్కేమిటంటే, ఆ కొత్త పొర ఆమ్లాన్ని బాగా ఓర్చుకుంటుంది. దాంతో మంట తగ్గినట్టే ఉంటుంది. "గ్యాస్ బిళ్ల పనిచేసింది" అనుకుంటాం.

కాబట్టి మంటతో పాటు ముద్దనీ చూడాలి. ఇలా రాయండి: "రాత్రి 8, చపాతీ, రెండో ముక్క రొమ్ము దగ్గర ఆగింది, నీళ్లు తాగితే దిగింది." దారి ఇరుకైతే ముందు గట్టివి ఆగుతాయి, తర్వాత మెత్తనివి, చివరికి నీళ్లు. శ్రీకాకుళం పల్లెల్లో పెద్దవాళ్లు "ముద్ద దిగట్నేదు, కూసింత అంబలి పొయ్యి" అంటే వయసు మీదపడింది కదా అని ఇంట్లోవాళ్లు చోడంబలి (రాగి అంబలి) కలిపిచ్చేస్తారు. అదీ ఈ గడిలో రాయాల్సిందే. తెలీకుండానే ముక్కలు చిన్నవి చేసుకుంటున్నారా, ప్రతి ముద్దకీ గ్లాసు అందుకుంటున్నారా, అదీ రాయండి.

ముద్ద పదే పదే ఆగుతున్నా, ఊరికే బరువు తగ్గుతున్నా వారం ఆగొద్దు, గ్యాస్ట్రో డాక్టర్‌కి పుస్తకం చూపించండి. ఎండోస్కోపీ అంటారు, కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో లోపల చూసే పరీక్ష, పరగడుపున కొద్ది నిమిషాల పని. రక్తపు వాంతి, తారులాంటి నల్లటి విరేచనం, చెమటలతో ఛాతీనొప్పి అయితే పుస్తకం పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి పదండి.

వచ్చే పాఠం మంచం తలవైపు ఆరంగుళాలు ఎత్తడం. రెండు గట్టి చెక్కదిమ్మలు, ఒక కొలత టేపు సిద్ధం చేసుకోండి. తలగడలు ఎక్కువ పెట్టుకుంటే కుదరదు, ఎందుకో అప్పుడు చూద్దాం.