పెల్లెట్ స్టవ్‌కు పొగగొట్టం: గోడకు రంధ్రం పెట్టే ముందు తేల్చుకోవలసినవి

పెల్లెట్ స్టవ్‌లు బిగించడం, బాగుచేయడం నా వృత్తి. రంపపు పొట్టును నొక్కి చేసిన చిన్న గుళికలను (పెల్లెట్లను) మండించి గదిని వేడిచేసే పొయ్యిలివి. స్టవ్ సరిగా మండటం లేదని, అద్దం నల్లబడుతోందని, గదిలో పొగ వాసన వస్తోందని పిలుస్తారు. వెళ్లి చూస్తే చాలాసార్లు తప్పు స్టవ్‌లో ఉండదు, వెనకాల గొట్టంలో ఉంటుంది. స్టవ్ ఎంపికకు ఎన్నో రోజులు ఆలోచించినవాళ్లు కూడా గొట్టాన్ని చివర్లో, చేతికి దొరికిన ముక్కలతో కలిపేస్తారు. అలా చేయకండి. గొట్టం కూడా స్టవ్‌లో భాగమే.

ముందుగా ఒక విషయం అర్థం కావాలి. కట్టెల పొయ్యిలో వేడి పొగ తనంతట తానే చిమ్నీలోకి లేస్తుంది. ఆ గొట్టంలో పీడనం గదిలోకన్నా తక్కువ కాబట్టి, అతుకు కాస్త వదులైతే గది గాలే లోపలికి పోతుంది. పెల్లెట్ స్టవ్‌లో పొగను ఫ్యాన్ బయటికి నెడుతుంది. గొట్టం లోపలే ఒత్తిడి ఎక్కువ. వెంట్రుక వాసి సందు దొరికినా పొగ, పిండిలాంటి బూడిద, వాటితోపాటు వాసనా రంగూ లేని కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి వస్తాయి. ఇక్కడ నుంచి చెప్పే జాగ్రత్తలన్నీ ఈ ఒక్క తేడా వల్ల వచ్చినవే.

గొట్టం కొనేటప్పుడు దాని మీద పెల్లెట్ వెంట్ అన్న ముద్ర ఉందో లేదో చూడండి. దీన్నే ఎల్ రకం వెంట్ అని కూడా అంటారు. అమెరికాలో దీనికి వర్తించే పరీక్షా ప్రమాణం యూఎల్ 641. రెండు పొరలుంటాయి: లోపల స్టెయిన్‌లెస్ స్టీలు, బయట సాధారణంగా జింకు పూత వేసిన ఉక్కు, మధ్యలో సన్నని గాలి ఖాళీ. గ్యాస్ హీటర్లకు వాడే బి రకం గొట్టం చూడటానికి ఇలాగే ఉంటుంది గానీ, దాని లోపలి పొర అల్యూమినియం. పెల్లెట్ పొగ వేడికి, అందులోని ఆమ్లపు తేమకు అది నిలవదు. బట్టలు ఆరబెట్టే యంత్రపు మెత్తటి గొట్టం, పీవీసీ గొట్టం అయితే అసలు దగ్గరికే రానివ్వకూడదు. ఒక కంపెనీ ముక్కను మరో కంపెనీ ముక్కలో దూర్చడం కూడా నేను ఒప్పుకోను. కొలత ఒకటే అయినా తాళం పడే తీరు వేరు. ఆ జోడీని ఎవరూ పరీక్షించి ఉండరు.

ఇక గొట్టం వ్యాసం, అంటే అడ్డుకొలత. మార్కెట్లో 3 అంగుళాలవి, 4 అంగుళాలవి ఎక్కువగా దొరుకుతాయి. ఏది కావాలో తేల్చడానికి గొట్టం నిజమైన పొడవు చాలదు, మలుపుల భారాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. చాలామంది తయారీదారులు వాడే లెక్క ఇది: 90 డిగ్రీల ఎల్బోకు (వంపు ముక్కకు) గానీ, టీకి (ఇంగ్లీషు T ఆకారపు ముక్కకు) గానీ 5 అడుగులు, 45 డిగ్రీల ఎల్బోకు 3 అడుగులు, అడ్డంగా పోయే ప్రతి అడుగుకు 1, నిటారుగా లేచే ప్రతి అడుగుకు అర అడుగు. మొత్తం 15 అడుగులు దాటితే 4 అంగుళాల గొట్టానికి మారాలి.

ఉదాహరణకు స్టవ్ వెనక అడుగు అడ్డం, తర్వాత టీ, 6 అడుగులు నిటారు, ఒక 90 డిగ్రీల ఎల్బో, గోడ దాటడానికి 2 అడుగులు అనుకుందాం. 1, 5, 3, 5, 2 కలిపితే 16. కాబట్టి 4 అంగుళాలది కావాలి. ఇల్లు సముద్ర మట్టానికి 2,500 లేదా 3,000 అడుగులకు మించిన ఎత్తులో ఉంటే, పొడవు తక్కువైనా చాలా కంపెనీలు పెద్ద వ్యాసమే సూచిస్తాయి. అక్కడ గాలి పలచన. మీ స్టవ్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దానిదే తుది మాట.

ఈ లెక్క చూసి చాలామంది, స్టవ్ వెనక నుంచి నేరుగా గోడ బయటికి తీసేస్తే పని తేలిక కదా అని అడుగుతారు. ఫ్యాన్ తిరుగుతున్నంతసేపు అది బాగానే ఉంటుంది. కరెంటు పోతే ఫ్యాన్ ఆగుతుంది, కానీ స్టవ్ లోపలి మంట కుండీలో పెల్లెట్లు ఇంకా మండుతూనే ఉంటాయి. అడ్డంగా ఉన్న గొట్టంలో పొగను లాగే శక్తి లేదు, అది వెనక్కి తిరిగి గదిలో నిండుతుంది. అందుకే 3 నుంచి 5 అడుగులైనా నిటారు భాగం ఉండాలని నేను పట్టుబడతాను. ఆ ఎత్తు ఉంటే, ఫ్యాన్ ఆగినా వేడి పొగ సహజంగా పైకి లాగబడుతుంది. దీనికి అయ్యే అదనపు ఖర్చు గురించి ఇంటివాళ్లతో వాదించడానికి నేను ఎప్పుడూ వెనకాడను. నిద్రపోతున్న మనుషుల ఊపిరి విషయమిది.

మొదటి మలుపు దగ్గర మామూలు ఎల్బో కాకుండా, అడుగున మూత తీయగలిగే టీ పెట్టండి. బూడిద రాలేది అక్కడే. దాని కింద బ్రష్షు, బకెట్టు పట్టేంత జాగా వదలండి. అందమైన మూలలో స్టవ్‌ను ఇరికించి, ఆ మూత తెరుచుకోకుండా చేసిన ఇళ్లు ఎన్నో చూశాను. శుభ్రం చేయలేని గొట్టాన్ని ఎవరూ శుభ్రం చేయరు.

బిగించేటప్పుడు స్టవ్ నోటికి ఆ కంపెనీ ఇచ్చే అడాప్టర్‌తో మొదలుపెట్టండి. గొట్టం మీద బాణం గుర్తు పొగ వెళ్లే దిశను చూపాలి. కొన్ని రకాల అతుకుల్లో రబ్బరు గాస్కెట్ (సందు మూసే పట్టీ) ముందే ఉంటుంది. లేని చోట ఎక్కువ వేడిని తట్టుకునే సిలికాన్ పూసి, తిప్పి తాళం వేయాలి. లోపలి పొరకు చిల్లు పడేలా మరలు ఎక్కడా దించకండి. అడ్డం గొట్టానికి అడుగుకు పావు అంగుళం చొప్పున బయటి వైపు ఎత్తు ఇవ్వండి.

కర్ర గోడ గుండా పోతే, దానికోసం చేసిన ఇనుప తొడుగు తప్పనిసరి. గొట్టానికీ కాలే వస్తువులకూ మధ్య సాధారణంగా 3 అంగుళాల ఖాళీ అడుగుతారు. కొన్ని గొట్టాలకు 1 అంగుళం చాలు. ఎంతో లేబుల్ మీదే రాసి ఉంటుంది. ఆ ఖాళీలో దూది లాంటి ఇన్సులేషన్ కుక్కకూడదు.

బయట చివర ఎక్కడ ఉండాలన్నది కూడా తేలిక విషయం కాదు. తెరుచుకునే కిటికీకి, తలుపుకు కింద గానీ పక్కన గానీ అయితే 4 అడుగుల దూరం, పైన అయితే 1 అడుగు ఉండాలి. నేల నుంచి కనీసం 1 అడుగు ఎత్తు కావాలి. మంచు పడే చోట్ల అది పేరుకునే ఎత్తును కూడా కలపాలి. గాలి ఎక్కువగా తగిలే గోడ వైపు వీలైనంత వరకు వద్దు. గొట్టం చివరి క్యాప్‌కు (మూతకు) సన్నని దోమతెర బిగించకండి, బూడిదతో అది త్వరగా మూసుకుపోతుంది.

పాత ఇటుక చిమ్నీ ఉంటే దాని అడుగున గొట్టాన్ని వదిలేసి ఊరుకోవద్దు, చిమ్నీ లోపల స్టెయిన్‌లెస్ లైనర్‌ను (లోపలి గొట్టాన్ని) పై దాకా వేయండి. ఆ దారిలో మరో పొయ్యిని కలపకూడదు.

సిలికాన్ డబ్బా మీద చెప్పినంతసేపు ఆరనిచ్చి, అప్పుడు స్టవ్ వెలిగించండి. మొదటి మంట సమయంలో గదిలో దీపాలు ఆర్పి, టార్చి వెలుగును ప్రతి అతుకు వెంట పట్టి చూడండి. పొగ తీగ సాగితే ఆ వెలుగులో కనిపిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం పడకగది దగ్గర ఒకటి, స్టవ్ ఉన్న అంతస్తులో ఒకటి పెట్టండి. ఇక టీ మూతను సుమారు టన్ను పెల్లెట్లకు ఒకసారి తెరవండి. బూడిద ఎక్కువ మిగిల్చే రకం వాడుతుంటే ఇంకా ముందే తెరవాలి.