దివ్యాంగుల పింఛన్ ఆపుతామని నోటీసు వచ్చిందా? విశాఖలో లాయర్ సాయం ఇలా

నెలకు 6,000 రూపాయల పింఛన్ మీదే ఇంటద్దె, మందులు నడిచే ఇళ్లు మన వార్డుల్లో చాలా ఉన్నాయి. అది ఆగిపోతుందంటే టెన్షన్ పడని వాళ్లుండరు. అయినా ముందు నోటీసు పూర్తిగా చదవండి, తేదీ చూడండి.

సమస్య: పింఛన్‌కు అర్హత లేదన్నారు

కారణం రెండు రకాలుగా ఉండొచ్చు. సదరం సర్టిఫికెట్ (డాక్టర్లు వైకల్యం ఎంత శాతమో తేల్చి ఇచ్చేది) తాత్కాలికమైతే గడువు తీరిపోయి ఉండొచ్చు. అప్పుడు మళ్లీ స్లాట్ బుక్ చేసుకుని డాక్టర్లకు చూపించుకోవాలి. అలా కాక, మళ్లీ చేసిన పరీక్షలో వైకల్యాన్ని పింఛన్‌కు కావాల్సిన 40 శాతం కంటే తగ్గించి ఉంటే అప్పీలు చేయాలి. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 59వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. నోటీసులో చెప్పిన ఆఫీసులోనే అర్జీ ఇచ్చి, రశీదు తప్పకుండా తీసుకోండి.

సమస్య: లాయర్ ఫీజుకు డబ్బుల్లేవు

జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం దివ్యాంగులకు ఉచితంగా లాయర్‌ను ఇవ్వాలి. ఇక్కడో చిక్కుంది. శాతం తగ్గించారు కాబట్టి మీరు దివ్యాంగుల కిందకు రారని ఎవరైనా అనవచ్చు. వెనక్కి వచ్చేయకండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు కూడా అదే సెక్షన్ కింద ఈ సాయం అందుతుంది. వాటిలో మీకు వర్తించేది అర్జీలో రాయండి.

సమస్య: ఎంత చెప్పుకున్నా అధికారి వినలేదు

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మనం కష్టం చెప్పుకుంటాం, అక్కడ చూసేది కొలతలు. నడవలేకపోతున్నానంటే సరిపోదు. ఏ కీలు ఎంత వంగుతోంది, ఏ కండరంలో ఎంత బలం ఉంది, ఏ చెవికి ఎంత వినిపిస్తోంది అన్నది కాగితం మీద ఉండాలి. మంచి లాయర్ పాత సర్టిఫికెట్‌నూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, మధ్యలో ఏ కొలత మారిందో చెప్పమని రాతపూర్వకంగా అడుగుతారు. చిన్నప్పుడు పోలియో వచ్చిన కాలు ఇప్పుడు ఎలా మెరుగైందన్న ప్రశ్నకు జవాబు రావాలి కదా! అందుకే పాత సర్టిఫికెట్లు, కేజీహెచ్ ఓపీ చీటీలు, ఎక్స్‌రేలు, ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష రిపోర్టు) లాంటివన్నీ తేదీల వారీగా పేర్చి, ఒక సెట్ జిరాక్స్ లాయర్‌కు ఇవ్వండి. డాక్టర్లు పరీక్ష చేసే గదిలో లాయర్ వాదించడానికి ఉండదు. అక్కడ ఉన్నది ఉన్నట్టు మీరే చెప్పాలి. నొప్పి ఉంటే ఓర్చుకుని చేసి చూపించకండి.

సమస్య: ఇచ్చిన లాయర్ పట్టించుకోవడం లేదు, లేదా డబ్బులడుగుతున్నారు

న్యాయ సేవ కింద వచ్చిన లాయర్ మీ దగ్గర ఫీజు తీసుకోకూడదు. అదే సంస్థ కార్యదర్శికి రాసిచ్చి వేరే లాయర్‌ను అడగండి. కొత్తగా వచ్చేవారిని మొదటి రోజే అడిగి తెలుసుకోండి: అర్జీ రాసిచ్చి వదిలేస్తారా, వాయిదాకు మీతోపాటు వస్తారా?