ఫ్యాక్టరీ కెమెరాతో 4కె షార్ట్‌ఫిల్మ్ తీయాలంటే: ముందు వైరు, డిస్కు సంగతి చూడండి

గుంటూరులో షార్ట్‌ఫిల్మ్ తీద్దాం అనుకునే కుర్రాళ్లు ఎవరు కలిసినా మొదట అడిగేది "అన్నా, ఏ కెమెరా కొనమంటావ్" అని. నేను వాడేది బ్యాగులోంచి తీసి చూపిస్తే నవ్వుతారు, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది అంతే, స్క్రీన్ లేదు బ్యాటరీ లేదు రికార్డ్ బటన్ కూడా లేదు. ఫ్యాక్టరీలో సీసాకి మూత సరిగ్గా పడిందా, మాత్రల షీట్‌లో ఒకటి తక్కువైందా అని చూసుకునే కెమెరా ఇది, మెషిన్ విజన్ కెమెరా అంటారు. కానీ లోపలున్నది సోనీ సెన్సర్, కంప్రెషన్ లేని 12 బిట్ రా ఇచ్చిద్ది, అంటే సెన్సర్ చూసింది చూసినట్టే. నేనేం కొత్తగా కనిపెట్టలేదులెండి, ఇలాంటి కెమెరాలే చేసుకునే సిలికాన్ ఇమేజింగ్ వాళ్లు ఎస్ఐ-2కె అని ఒకటి తీశారు, చిన్న కెమెరా, దానికో వైరు, ఆ చివర కంప్యూటర్. 2009లో సినిమాటోగ్రఫీ ఆస్కార్ కొట్టిన స్లమ్‌డాగ్ మిలియనీర్‌లో ముంబై సందుల్లో తిరిగింది అదే.

సరే, కొనే ముందు ఒక లెక్క వేసుకోండి, ఇది వెయ్యకుండా కొని ఏడ్చినవాళ్లలో నేనూ ఒకణ్ణి. 4096 బై 2160 అంటే దాదాపు 88.5 లక్షల పిక్సెళ్లు. 12 బిట్ అంటే పిక్సెల్‌కి ఒకటిన్నర బైట్, ఒక ఫ్రేమ్ 13.3 ఎంబీ, సెకనుకి 25 ఫ్రేములు, మొత్తం 332 ఎంబీ. నిమిషానికి 20 జీబీ! యూఎస్‌బీ 3 పోర్టులో నిజంగా పోయేది 380 ఎంబీ దాకానే, కాబట్టి సరిగ్గా అంచు మీద పట్టిద్ది. ఇక్కడే చాలామంది బోల్తా పడేది, మెనూలో బేయర్ ఆర్‌జీ 12 అని ఒకటి, బేయర్ ఆర్‌జీ 12పి అని ఇంకొకటి ఉంటాయి (బేయర్ అంటే పిక్సెళ్ల మీద ఎరుపు, పచ్చ, నీలం గళ్లు ఉండే వరస), రెండూ 12 బిట్టే కదా అని మొదటిది పెట్టేస్తారు. అది పిక్సెల్‌కి రెండు బైట్లు తినిద్ది, అంటే 442 ఎంబీ, వైరులో పట్టదు, ఫ్రేములు రాలిపోతాయి. చివర పి ఉన్నదే పెట్టండి. కొన్ని కెమెరాల్లో డివైస్ లింక్ త్రూపుట్ లిమిట్ అని ఒక గేటు ముందే సగం వేసి ఉంటది, అదీ తీసెయ్యాలి.

గిగాబిట్ ఈథర్నెట్ మోడల్ చవగ్గా దొరికిందని ఎగబడకండి, దాంట్లో సెకనుకి 120 ఎంబీ లోపే, 4కె రా అంటే కుదరదు. ఫుల్ హెచ్‌డీ చాలనుకుంటే మాత్రం బంగారం, వైరు వంద మీటర్లు లాగొచ్చు.

సెన్సర్ విషయానికొస్తే నేను చెప్పేది సోనీ ఐఎంఎక్స్ 253, లేదా దాని తమ్ముడు 304. రెండూ 4096 బై 3000, గ్లోబల్ షట్టర్. మన విజయవాడలో రైల్వే బ్రిడ్జి మీద బండి పోతుంటే ఫోన్‌తో తీసి చూడండి, పెట్టెలు పక్కకి వంగిపోయి కనపడతాయి. గ్లోబల్ షట్టర్‌లో ఫ్రేమ్ మొత్తం ఒకేసారి పడిద్ది కాబట్టి ఆ వంకర ఉండదు. 304 కాస్త నిదానం, ఫుల్ సైజులో సుమారు 23 ఫ్రేములే, ఎత్తు 2160కి తగ్గిస్తే స్పీడు పెరిగిద్ది. సెకండ్‌హ్యాండ్‌ది తీసుకుంటే మీ సెట్టింగులు పెట్టి, రిజల్టింగ్ ఫ్రేమ్ రేట్ అనే చోట 25 దాటిందని కళ్లతో చూశాకే డబ్బులివ్వండి. మోనో (నలుపు తెలుపు), కలర్ రెండు రకాలు ఉంటాయి, మోడల్ పేరు చూసి ఏదో తేల్చుకోండి.

కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతుర్ని ఆపే ఐఆర్ కట్ ఫిల్టర్ ఉందో లేదో కూడా అడగండి. నా మొదటి కెమెరాకి లేదు, హీరో నల్ల ప్యాంటు స్క్రీన్ మీద వంకాయ రంగులో వచ్చింది, కాస్ట్యూమ్ చూసుకునే పిల్లాణ్ణి ఊరికే తిట్టాను పాపం.

లెన్స్ బిగించే మౌంట్ సి మౌంట్ అనే రకం. సెన్సర్ వెడల్పు 14 మిల్లీమీటర్లు, పాత సూపర్ 16 ఫిల్మ్ కంటే కాస్త ఎక్కువ. ఫుల్ ఫ్రేమ్‌తో పోలిస్తే రెండున్నర రెట్లు, అంటే 12 ఎంఎం లెన్స్ పెడితే 30 లాగా, 25 పెడితే 64 లాగా కనపడిద్ది. 1.1 ఇంచ్ సెన్సర్‌కి అని రాసున్న లెన్సే కొనండి, 2/3 ఇంచ్ లెన్స్ పెడితే మూలలు నల్లగా పోతాయి. ట్రైపాడ్‌కి మాత్రం చాలా వాటికి అడుగున చిన్న ఎం3 మర తప్ప ఇంకేం ఉండదు, నేను ఆటోనగర్‌లో లేత్ దగ్గర నిలబడి మందపాటి అల్యూమినియం ప్లేటు చేయించుకున్నా. దాంతో ఇంకో లాభం ఏంటంటే వేడి ప్లేటులోకి లాగేసిద్ది. ఎండాకాలం మన బ్లేజ్‌వాడలో ఇది చిన్న విషయం కాదు, బాడీ వేడి 50 డిగ్రీలు దాటొద్దని చాలా డేటాషీట్లలో ఉంటది, బయట గాలే 45 ఉంటే ఇంకెక్కడ. వేడెక్కిన కొద్దీ నీడల్లో తెల్ల చుక్కలు మొదలవుతాయి. గొడుగు కెమెరాకి పట్టండి, డైరెక్టర్‌కి తర్వాత.

షట్టర్ ఇక్కడ మైక్రోసెకన్లలో పెట్టాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, లైట్లు సెకనుకి వందసార్లు మిణుకుతాయి, అందుకని 25 ఫ్రేములు, ఎక్స్‌పోజర్ 20000 పెట్టుకుంటే ట్యూబ్‌లైట్ కింద కూడా ఫ్లికర్ రాదు, ఎండలో ఎక్కువైతే 10000 చేసి, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ వెయ్యండి. ఆటో అని కనపడిన ప్రతీది ఆపెయ్యండి, గామా 1, వైట్ బ్యాలెన్స్ ముట్టుకోవద్దు. గెయిన్, అంటే సిగ్నల్ పెంచే సెట్టింగ్, డీబీల్లో (డెసిబెల్స్) ఉంటది, 6 డీబీకి వెలుతురు రెట్టింపు, సాధ్యమైనంత వరకు సున్నా దగ్గరే ఉంచండి.

మంగళగిరి చీర, సన్న గళ్ల చొక్కా, ఈ రెండూ సెట్‌కి రాకముందే చూసుకోండి. సినిమా కెమెరాల్లో సెన్సర్ ముందు సన్నటి మసక ఫిల్టర్ ఉంటది, వీటిలో చాలావాటికి ఉండదు, అందుకే షార్ప్‌నెస్ అదిరిపోద్ది, అందుకే సన్న గీతల మీద రంగురంగుల అలలు తేలతాయి. తర్వాత తీసేద్దాంలే అంటే తీరదు, చీర మార్చడమో దూరం మార్చడమో చెయ్యాలి.

రికార్డింగ్‌కి ల్యాప్‌టాప్, లోపల ఎన్‌వీఎంఈ డిస్కు (వేగంగా రాసే ఎస్ఎస్‌డీ). చవక డిస్కులు మొదటి కొన్ని జీబీలు పరిగెత్తి తర్వాత చతికిలపడతాయి, దాని బాక్స్ మీద స్పీడు నమ్మొద్దు. కెమెరా పోర్టు పక్కనే బయటి డిస్కు కూడా గుచ్చితే ఇద్దరూ ఒకే దారి పంచుకుంటారు, హబ్ అసలే వద్దు. కేబుల్ 3 మీటర్ల లోపు, స్క్రూ బిగించేది. లినక్స్ అయితే యూఎస్‌బీ డేటాకి కేటాయించే యూఎస్‌బీఎఫ్ఎస్ మెమరీ 16 ఎంబీ మాత్రమే ఉంటది, దాన్ని 1000 చెయ్యకపోతే ఏం చేసినా ఫ్రేములు నిలవవు, దీని మీద నాకు రెండు రాత్రులు పోయాయి. సాఫ్ట్‌వేర్‌కి బాస్లర్ అనే కెమెరా కంపెనీ వాళ్ల పైలాన్ ఫ్రీ, లినక్స్‌లో అరావిస్ అనే లైబ్రరీ ఉంది, కానీ వచ్చిన డేటాని అలాగే డిస్కులో పడేసే చిన్న కోడ్ రాసుకోవాలి, బీటెక్ చదివే తమ్ముడో బావమరిదో మనిళ్లలో దొరక్కపోడు. షూట్ టైములో ఏ మార్పిడీ వద్దు, ఒక్క పెద్ద ఫైల్‌గా తోసెయ్యండి, ఇంటికొచ్చాక సినిమా డీఎన్‌జీ (రా వీడియో ఫార్మాట్) చేస్తే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్సీ రిజాల్వ్ తీసుకునిద్ది. అక్కడ మొహాలు నీలంగా వస్తే గాభరా పడకండి, బేయర్ వరస తప్పు రాశారంతే.

సౌండ్ వేరే రికార్డర్‌లో, క్లాప్ కొట్టి. పెళ్లిళ్లకి మాత్రం దీన్ని తీసుకెళ్లకండి, ల్యాప్‌టాప్ మోసేవాడు భోజనాల దగ్గర మాయమైపోతాడు.

మొదటి టెస్ట్ ఇంట్లోనే, ఫ్యాన్ తిప్పి పది నిమిషాలు ఆపకుండా తీయండి, 200 జీబీ ఖాళీ ఉంచుకుని. 15000 ఫ్రేములు రావాలి, నంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూడండి. 14990 వచ్చాయంటే కెమెరాని తిట్టకుండా ముందు కేబుల్ మార్చి చూడండి.